సున్నా మీద సంతకం

కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజు ఆమె బోర్డు మీద గుమ్మడికాయంత సున్నా గీసి, "దీని అర్థమేంటి?" అని అడిగేది.

"ఏమీ లేదని, మేడం."

"లేదనా, కనపడలేదనా?"

ఆమె సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకునేది. "తలుపు తీసి చూసి ఇంట్లో దొంగ లేడన్నవాడూ సున్నానే చెప్తాడు. తలుపు తియ్యకుండా వీధిలోంచే లేడన్నవాడూ సున్నానే చెప్తాడు. ఆ ఇద్దరిలో ఎవడు చెప్తున్నాడో తేల్చడమే మీ ఉద్యోగం. మిగతాదంతా పానాలు తిప్పడం."

అలా ఆమెకు సున్నా మేడం అని పేరు వచ్చింది. కాదు, మార్కులు వేయడంలో చెయ్యి బిగువు కాబట్టి వచ్చిందని ఇంకొందరు. రెండు కథలూ ఆమె చెవిన పడ్డాయి. దేనికీ అభ్యంతరం చెప్పలేదు.

నేను వాళ్ల మేడ మీద గదిలో ఎనిమిది నెలలు ఉన్నాను. కాలు నిలవని మనిషికి అది చాలా ఎక్కువ. ఈ కథలో నేను కళ్లారా చూసింది కొంత, దర్జీపని చేసే ఆమె భర్త మిషన్ తొక్కుతూ చెప్పింది కొంత. అసలైనది మాత్రం ఆమె చెల్లెలి కొడుకు తానుగా ఒప్పుకున్నది.

ఆమె బడి ఊరి చివర ఫ్యాక్టరీల వరసకు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు. లోపల నాలుగు పాత క్రొమటోగ్రాఫులు, బీరువాలంత పెట్టెలు. గొట్టాల్లో పోయే గ్యాసులో ఏమేం కలిసి ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత ఉందో విడదీసి చెప్పే యంత్రం అది. చిటికెడు గ్యాసును పీల్చుకుని, చుట్టలు చుట్టిన సన్నటి గొట్టంలోకి తోస్తుంది. తోసినప్పుడు అన్నీ కలిసే బయలుదేరతాయి గానీ బయటికి మాత్రం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వచ్చినప్పుడల్లా కాగితం మీది గీత మూపురంలా లేచి దిగుతుంది. "బజారు సందులోకి పదిమందిని ఒకేసారి వదలండి," అని వివరించేది ఆమె. "పనున్నవాడు ముందు బయటపడతాడు. ప్రతి కొట్టు దగ్గరా ఆగి బేరమాడేవాడు చివరికి వస్తాడు. మా ఆయన ఇంకా రాలేదు." ఆ మాటకు ప్రతి బ్యాచీ నవ్వేది. నవ్విన తరవాత మరచిపోయేది కాదు.

తెల్లవారగానే షెడ్డు తాళం తీసి, ఎవరూ రాకముందే ఆమె ఆ నాలుగింటిలో ఏదో ఒకదానికి రోగం పెట్టేది. ఒక నట్టు అర చుట్టు వదులు చెయ్యడం, ఒక గొట్టంలో రబ్బరు తునక దూర్చడం, రెండు తీగలు తారుమారు చెయ్యడం. తొమ్మిదింటికి వచ్చినవాళ్లు ఏ యంత్రానికి ఏం జబ్బో కనిపెట్టాలి. మొదటి గంట పానా ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని కాగితం మీది గీతను చదవాలి. మూపురం పొట్టిదైందా, ఆలస్యంగా వచ్చిందా, తోక సాగిందా, ఒకటి రెండుగా చీలిందా. చదివింది రాసివ్వాలి. రాయకుండా పానా అందుకున్నవాడికి ఆ రోజు మార్కు ఏమిటో చెప్పనక్కర్లేదు.

ఆమె ఈ పనిలోకి సీసాలు కడుగుతూ వచ్చింది. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక ఫ్యాక్టరీ ప్రయోగశాలలో గాజుసీసాలు కడిగే ఉద్యోగం. అక్కడ బాయిలర్ నీళ్లు రోజూ నాలుగు చోట్ల పట్టి పరీక్షించాలి. నాలుగో చోటికి ఎనభై మెట్లెక్కాలి. పరీక్షించే పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు. నాలుగు సీసాలూ కింది కుళాయి దగ్గరే నింపేవాడు. ఆయన రాసిన అంకెలు ముచ్చటగా, ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉండేవి. సీసాలు కడిగే అమ్మాయికి మాత్రం నాలుగింటి అడుగునా ఒకే రంగు మడ్డి కనిపించింది. చెప్పింది. "నీకెందుకమ్మా, సీసాలు కడుక్కో," అన్నారు. ఐదో నెలలో పైగొట్టం పగిలి ఒక ఫిట్టర్‌కు రెండు కళ్లూ పోయాయి. ఆ తరవాత పరీక్షించే పని ఆమెకే ఇచ్చారు. ఆ ఫిట్టర్ ఇంటికి ఆమె నెలకొకసారి వెళ్లేదట. అక్కడ ఏం మాట్లాడేదో భర్తకు కూడా చెప్పలేదు.

అందుకే ఆమె పాఠాలన్నీ చివరికి ఒకే మాట దగ్గర ఆగేవి. మొదలు నుంచి రండి. ఏ యంత్రానికైనా ప్లాంటు గ్యాసు ఎక్కడో పైన, దూరంగా, మొదటి కుళాయి దగ్గర బయలుదేరి సన్నగొట్టంలో దిగి వస్తుంది. యంత్రం సరిగ్గా చూస్తోందో లేదో తేల్చుకోవడానికి ఇంకో గ్యాసు ఉంటుంది. అందులో ఏది ఎంత ఉందో ముందే తెలుసు. ఆ పరీక్ష గ్యాసు సిలిండర్ మాత్రం యంత్రం పక్కనే ఉంటుంది. దాన్ని పంపితే అంకె సరిగ్గా వస్తుంది. టెక్నీషియన్ సంతోషంగా సంతకం పెట్టి ఇంటికి పోతాడు. "పరీక్ష గ్యాసు పెరటి గుమ్మంలోంచి వచ్చే చుట్టం," అనేది ఆమె. "వీధిలో తగలబడుతున్నా దానికి తెలియదు. సిలిండర్ భుజాన వేసుకుని మెట్లెక్కి, మొదటి కుళాయి దగ్గర పట్టి చూడండి. కాళ్లు నొప్పి పుట్టకపోతే మీరు పరీక్ష చెయ్యలేదన్నమాట."

చెల్లెలి కొడుకు ఇరవై నాలుగేళ్ల వయసులో ఆమె బ్యాచిలో చేరాడు. చురుకైనవాడు, మాటకారి. మిగతావాళ్లు మధ్యాహ్నం దాకా తల గోక్కునే జబ్బును అతను పది నిమిషాల్లో చెప్పేవాడు. గీత చదివి రాయమంటే ఆ రాసేదీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. షెడ్డులో అతనికి 'పది నిమిషాలు' అని పేరు పడిపోయింది. చివరి పరీక్ష రోజు ఆమె చీకటితోనే రేకుల మీదికెక్కి, అక్కడి గ్యాసు ట్యాంకు దగ్గర మొదటి కుళాయి నోట్లో రబ్బరు ముక్క బిగించింది. మిగతా పదకొండు మంది పరీక్ష గ్యాసు పంపుకుని, అంకె సరిగ్గా ఉందని మురిసిపోయి, ఆనక తెల్లమొహం వేశారు. అతను యంత్రం చుట్టూ ఒక్కసారి తిరిగి, ఈల వేసుకుంటూ నిచ్చెన ఎక్కాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుంది," అన్నాడు ఆమె భర్త నాతో. "మా పెళ్లినాడు కూడా అంత సంతోషం చూళ్లేదు."

యోగ్యతాపత్రం మీద ఆమె సంతకం పెట్టింది. రెండు వందల పన్నెండో సంతకం. ఆ కాగితం చూసి ఆక్సిజన్ ప్లాంటువాళ్లు అతన్ని తీసుకున్నారు, అక్కడి క్రొమటోగ్రాఫుకు ఒక్కడే దిక్కుగా.

ఆ ప్లాంటు సంగతి చెప్పాలి. బయటి గాలిని పీల్చి, నీళ్లలా కారేదాకా చల్లబరచి, అందులోంచి ఆక్సిజన్‌ను వేరుచేస్తారు. ఆరంతస్తుల ఇనుప పెట్టె అడుగున ద్రవ ఆక్సిజన్ నీలంగా మరుగుతుంటుంది. పీల్చే గాలిలో చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగలూ ఆవిర్లూ లవలేశం ఉంటాయి. ఆక్సిజన్ ఆవిరై పైకి పోతుంది, అవి పోవు. అడుగున చేరతాయి. వాటిలో ఎసిటిలీన్ అనేది మరీ మొండి ఘటం. గింజంత గింజంతగా పేరుకుంటుంది, చుట్టూ ఆక్సిజన్ పెట్టుకుని. అలాంటిచోట నిప్పు కావాలని ఎవరూ అడగక్కర్లేదు, చిన్న కుదుపుకే పేలుతుంది. అందుకని పన్నెండు నిమిషాలకొకసారి ఆ అడుగు ద్రవంలోంచి చుక్క తీసి, ఆవిరి చేసి యంత్రం చూస్తుంటుంది. అందులో ఎసిటిలీన్ సున్నా అని చూపినన్నాళ్లూ అక్కడివాళ్లు టీ తాగుతారు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటారు.

చెల్లెలు ఇల్లు మారిన శనివారం మేమంతా సామాన్లు మోశాం. నాలుగు కుర్చీలు మోసిన పుణ్యానికి నాకూ భోజనం పెట్టారు. అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చున్నాం. వంటింట్లో కుళాయి టప్‌టప్‌మని కారుతోంది.

"ఏరా పది నిమిషాలూ," అన్నాడు దర్జీ, "ఆ కుళాయికేం రోగమో చెప్పు చూద్దాం."

"పెద్దమ్మ పాడుచేసి ఉంటే చెప్పేవాణ్ని పెదనాన్నా."

"అదేంట్రా?"

"పెద్దమ్మ పెట్టిన తప్పు నాకు దొరక్కుండా పోతుందా? షెడ్డులో పానాల బోర్డు ఉందిగా, ప్రతి పానాకీ దాని బొమ్మ గీసి ఉంటుంది. పొద్దున్నే ఏ పానా తిరగేసి తగిలించి ఉందో చూస్తే ఏ సైజు నట్టు కదిలిందో తెలిసిపోతుంది. బోర్డు చూడ్డం కుదరలేదనుకో, పెద్దమ్మను చూస్తే చాలు. ఏ మెషిన్ వైపు చూడకుండా నడుస్తుందో తప్పు అందులోనే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెల్లెలు మురిసిపోతూ, "చిన్నప్పుడూ ఇంతే. చక్కెర డబ్బా ఎక్కడ దాచానో నా మొహం చూసి కనిపెట్టేవాడు వెధవ," అంది.

సున్నా మేడం నవ్వలేదు. "చివరి పరీక్ష రోజు?" అని అడిగింది.

"నీ చెప్పులకి పైకప్పు నాచు అంటుకుని ఉంది పెద్దమ్మా."

ఒకప్పుడు నా తిరుగుళ్లలో నాడి చూసే ముసలి వైద్యుడు ఒకడు తగిలాడు. చెయ్యి పట్టుకోకముందే రోగి ఎక్కణ్నుంచి వచ్చాడో, ఏ కాలు నొప్పో చెప్పి జనాన్ని నివ్వెరపరిచేవాడు. వారం రోజులు అతని అరుగు మీద కూర్చున్నాక రహస్యం తెలిసింది. అతను గుమ్మంలో విడిచిన చెప్పులు చూసేవాడు. మడమ ఎటు అరిగింది, దుమ్ము ఏ రంగు. "నాడి ఆలస్యంగా చెప్తుంది, చెప్పులు తొందరగా చెప్తాయి," అన్నాడు నవ్వుతూ. ఆ తెలివికి నేను మురిసిపోయి చాలా చోట్ల చెప్పాను. నడవలేని రోగిని మంచం మీద మోసుకొచ్చిన రోజు అతనేం చేసేవాడో అడగాలని అప్పుడు తోచలేదు.

సున్నా మేడం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మీ ప్లాంటులో నీ మెషిన్ ఏం చూపిస్తోంది?"

"సున్నా. పదకొండు వారాలుగా అన్నీ సున్నానే. బంగారంలాంటి మెషిన్."

"అంతకుముందు?"

"కాస్త మీథేన్ ఉండేది. చిన్న మూపురం. ఇప్పుడు అదీ లేదు. గాలి శుభ్రపడినట్టుంది."

"ఎదురు ఫ్యాక్టరీ మూసేశారా?"

"లేదే. పోయిన నెలలో రెండో యూనిట్ కూడా మొదలెట్టారు."

ఆ మాట అన్నాక అతనే కలుపుతున్న అన్నం మీంచి చెయ్యి తీశాడు. కుళాయి కారుతూనే ఉంది.

"మొదలు నుంచి చూశావా?"

"ప్రతి సోమవారం పరీక్ష గ్యాసు పంపుతున్నా. వెంట్రుకవాసి తేడా లేదు."

"నేనడిగింది అది కాదు."

"అంటే నాకు పని రాదనా నీ ఉద్దేశం? సంతకం పెట్టింది నువ్వేగా."

"నేనే. అందుకే అడుగుతున్నా."

"అక్కా," అంది చెల్లెలు, "ఇల్లు మారిన పూటా ఇదేం గొడవ? ఏదో సరదాకి అన్నాడు. వాడి ఉద్యోగం ఊడగొడితే గానీ నీకు ముద్ద దిగదా?"

"ఉద్యోగం గురించి కాదే." ఆమె అతనివైపు తిరిగింది. "షిఫ్టుకి ఎంతమంది ఉంటార్రా అక్కడ?"

"ముప్పై ఒకటి. నేనుంటే ముప్పై రెండు."

ఆ తరవాత ఎవరూ సరిగ్గా తినలేదు. ఆమె ముందున్నవి రెండే దార్లు. తన సంతకం చెల్లదని ప్లాంటుకు ఫోన్ చేస్తే పిల్లవాడి ఉద్యోగం పోతుంది, చెల్లెలితో మాటలు పోతాయి, తను ముప్పై ఏళ్లుగా పెట్టిన సంతకాలన్నిటి మీదా దుమ్ము పడుతుంది. నోరు మూసుకుంటే, ఒక్క నిజమైన జబ్బునూ ఎన్నడూ తనంతట కనిపెట్టని మనిషి చూపిస్తున్న సున్నా కింద ముప్పై రెండు మంది. యంత్రంలో తప్పు లేకపోవచ్చు. గాలి నిజంగానే శుభ్రపడి ఉండవచ్చు. తెలుసుకునే దారి ఒక్కటే, దానికి మెట్లెక్కాలి.

"రేపు నన్ను తీసుకెళ్తావా, ఇప్పుడే ఫోన్ చెయ్యనా?"

"సోమవారం నేనే చూస్తాలే పెద్దమ్మా."

"రేపు."

ఆదివారం మధ్యాహ్నం శిక్షణ తనిఖీ అని గేటు దగ్గర రాయించుకుని లోపలికి వెళ్లారు. ఆమె ఆ ఉదయం తలకున్న నూనె పోయేదాకా రుద్దుకుని స్నానం చేసింది. ఆక్సిజన్ తగిలితే నూనె దానంతటదే మండుతుందని, అక్కడ నూనె గుడ్డ ముక్కను కూడా గేటు దాటనివ్వరు. బట్టలు కూడా కొత్తగా ఉతికినవే. భర్త గుమ్మంలో నిలబడి, "నేనూ రానా?" అన్నాడట. "నీకు మెట్లెందుకు," అని వెళ్లిపోయింది.

ప్లాంటులో వాసన ఉండదు. అదే భయం. ఆరంతస్తుల తెల్ల పెట్టె, దాని కీళ్ల దగ్గర మంచు, కాళ్ల కింద నేల సన్నగా వణుకుతూ ఉండడం, అంతే. యంత్రం గదిలో అతను తెర చూపించాడు. గీత నేల మీద పడుకున్న పాములా కదలకుండా ఉంది. గొట్టంలో గ్యాసు పారుతోందని చూపే చిన్న గోళీ గాజుగొట్టంలో చక్కగా తేలుతోంది. పరీక్ష గ్యాసు పంపాడు. మూపురాలు వరసగా లేచాయి, అంకెలు అచ్చు గుద్దినట్టు.

"చూశావా," అన్నాడు.

ఆమె గోడవైపు తిరిగి నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. అతను అలవాటుకొద్దీ ఆమె మొహం కోసం పక్కకి వంగాడు.

"నా మొహంలో ఏం లేదురా. ఈ మెషిన్‌కి రోగం పెట్టింది నేను కాదు. ఉందో లేదో కూడా నాకు తెలియదు. నన్ను చూసి లాభం లేదు."

ఆ మాట విన్నప్పుడు ఎలా ఉందో అతనే నాకు చెప్పాడు. చిన్నప్పుడు జనంలో అమ్మ చెయ్యి జారిపోయినట్టు అనిపించిందట.

సిలిండర్ భుజాన వేసుకున్నాడు. అరవై నాలుగు మెట్లు. ఆమె వెనకే ఎక్కింది, రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ. పైన, అడుగు ద్రవపు ఆవిరిని తెచ్చే సన్నగొట్టం పెట్టె గోడలోంచి బయటికి వచ్చే చోట, మొదటి కుళాయికి పక్కనే ఇంకో చిన్న కుళాయి ఉంది. దాని పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, వెంబడి ఉంటే తెరిచినట్టు. అది వెంబడి ఉంది.

అతను సిలిండర్ దించాడు.

"పెద్దమ్మా, ఇది మూసి ఉండాలి."

"ఏంటది?"

"నైట్రోజన్. ప్లాంటు ఆపినప్పుడు గొట్టం ఆరబెట్టడానికి తెరుస్తాం."

"ఎప్పుడు ఆపారు?"

"పదకొండు వారాల కింద."

"తెరిచిందెవరు?"

"నేనే."

నైట్రోజన్ ఒత్తిడి ఎక్కువ. ప్లాంటు గ్యాసును వెనక్కి నెట్టేసి, అదే గొట్టం నిండా పారుతూ, గోళీని చక్కగా తేలుస్తూ, యంత్రం ముక్కులోకి పోతోంది. శుభ్రమైన నైట్రోజన్‌లో ఏముంటుంది? యంత్రం పదకొండు వారాలుగా నిజమే చెబుతోంది. తనకిచ్చిన దాని గురించి చెబుతోంది.

పిడిని అడ్డంగా తిప్పాడు. ఇద్దరూ దిగివచ్చి తెర ముందు నిలబడ్డారు. మొదటి పన్నెండు నిమిషాలు గొట్టంలో మిగిలిన నైట్రోజన్‌కే సరిపోయాయి. గీత అలాగే పడుకుని ఉంది. రెండో పన్నెండు నిమిషాల్లో మీథేన్ మూపురం లేచింది, మునుపటి కంటే నాలుగింతలు. తరవాత ఇంకేవో రెండు చిన్నవి. ఆ తరవాత ఎసిటిలీన్ వంతు వచ్చేసరికి, అతను చేరినప్పట్నుంచీ ఎన్నడూ మూపురం లేవని ఆ చోట, గీత లేవడం మొదలుపెట్టింది. లేచి లేచి తెర అంచుకు తగిలి, అక్కడ బల్లపరుపుగా సాగింది.

కంట్రోల్ రూములో షిఫ్టు ఇన్‌ఛార్జి కప్పు చేత్తో పట్టుకుని ఆ గీతను చూశాడు. నడివయసు మనిషి, ఓపికున్నవాడే.

"పదకొండు వారాలు చక్కగా ఉంది. మీరు చెయ్యి పెట్టిన అరగంటకి పాడైంది. అంతేగా?"

"పాడవలేదండీ," అంది ఆమె.

"మీరెవరమ్మా?"

"ఇతనికి పని నేర్పినదాన్ని."

"అయితే బాగానే నేర్పారు. ఇప్పుడు ప్లాంటు ఆపితే మళ్లీ చల్లబడడానికి మూడు రోజులు. రేపు పొద్దున పెద్దవాళ్లొస్తారు. ఇంకోసారి సరిచూసి చెప్పండి. మెషిన్ మాటేగా, మనిషి మాట కాదుగా." ఇన్‌ఛార్జి చెల్లెలి కొడుకు వైపు తిరిగాడు. "ఏం, నువ్వేమంటావ్? మెషిన్ నీది. రికార్డులో సంతకాలు నీవి. ఏది నిజం, పదకొండు వారాలా, ఈ అరగంటా?"

అతను పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఆ నిమిషంలో యంత్రం చెడిందేమో అని ఒక్క మాటంటే చాలునని, సోమవారం దాకా ఎవరూ తనను ఏమీ అడగరని అతనికి తెలుసు. బయట మెట్ల కింద ఇద్దరు కూలీలు రేకు ముక్కలు బండి మీదికి ఎత్తుతున్నారు. అందులో ఒకడు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, అద్దంలోంచి మాటలు వినపడవు గానీ తల ఊగడం కనపడుతోంది.

"మెషిన్ ఇప్పుడే బాగుపడింది సార్," అన్నాడు. "నైట్రోజన్ కుళాయి నేనే తెరిచి మరిచిపోయాను. అప్పట్నుంచి చూపించిన సున్నాలన్నీ తప్పు. అరవై ఆరు సంతకాలు, అన్నీ నేను పెట్టినవే. అడుగున ఎంతుందో నాకు తెలియదు. తెరలో పట్టనంత ఉంది. మనుషుల్ని బయటికి పంపండి."

ఇన్‌ఛార్జి కప్పును చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. చప్పుడు చెయ్యకూడదన్నట్టు.

అందరినీ గేటు బయటికి పంపారు. ఎవరూ పరుగెత్తలేదు, గట్టిగా మాట్లాడలేదు. రోడ్డు మీద నిలబెట్టి రెండుసార్లు తలలు లెక్కపెట్టారు. ఆ ద్రవాన్ని కుదుపు లేకుండా, దూరాన ఉన్న గుంతలోకి సన్నధారగా వదలాలి. పంతొమ్మిది గంటలు పట్టింది. ఆమె అంతసేపూ గేటు ఎదుటి బల్ల మీద కూర్చుంది. అతను కూర్చోలేదు.

ఏమీ జరగలేదు. జరగనిదాన్ని పత్రికలు రాయవు. ఆ ఊళ్లో సగంమందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

సోమవారం ఆమె ప్లాంటుకు ఉత్తరం రాసింది. తన సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు అతనిది ఎంతో తనది అంతేనని. ఉద్యోగం పోయింది. చెల్లెలు నాలుగు నెలలు మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే చీర కుచ్చిళ్లు సర్దుకునేది. అతను మాత్రం వారం తిరక్కుండా షెడ్డుకు వచ్చి, ఆఖరి బల్ల మీద కొత్తవాళ్లతో కూర్చున్నాడు. పానాల బోర్డు మీది బొమ్మలకు ఆమె అప్పటికే రంగు పూసేసింది. రోగాలు పెట్టే పని కూడా మానేసి భర్తకు అప్పగించింది. ఇరవై రకాల తప్పులు చీటీల మీద రాసిచ్చింది. ఆయన తెల్లవారుజామున ఒక చీటీ తీసి, అలా చేసి, ఇంటికొచ్చి మిషన్ తొక్కుకుంటాడు. ఆమె తొమ్మిదింటికి వెళ్లి శిష్యులతోపాటు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది.

"మొన్న ఏం చేశానో నేనే మరిచిపోయాను," అన్నాడు ఆయన నాతో. "సాయంత్రం దాకా పన్నెండుమందీ, మా ఆవిడా కొట్టుకుచచ్చారు. ఇంటికొచ్చి నన్ను తిడుతుందనుకున్నా. తిట్టలేదు. నిద్రపోలేదు కూడా."

నిద్రపట్టని కారణం వేరే ఉంది. మిగిలిన రెండు వందల పదకొండు మంది. వాళ్లలో ఎంతమంది యంత్రాన్ని చదివారు, ఎంతమంది ఆమెను చదివారు? చెల్లెలి కొడుకు నోరు జారాడు కాబట్టి తెలిసింది. మిగతావాళ్లు నోరు జారలేదు. ఆ బోర్డు ముప్పై ఏళ్లుగా ఆ గోడకే ఉంది.

పాత రిజిస్టర్లు దించి అందరికీ ఉత్తరాలు రాసింది. ఈ వారంలో మెట్లెక్కి మొదలు నుంచి చూడు, చూసి నాకు రాయి, అంతే. అతను చిరునామాలు రాసిపెట్టాడు. రెండు నెలల్లో నలభై మూడు జవాబులు వచ్చాయి. ఐదుగురు తిట్టుకుంటూనే మెట్లెక్కామని, కాళ్లు పట్టేశాయని, ఒకరికి గొట్టంలో చిన్న అడ్డు కూడా దొరికిందని రాశారు. మిగిలిన ముప్పై ఎనిమిది మందీ క్లుప్తంగా, మర్యాదగా, ఇంచుమించు ఒకే మాట రాశారు. పరీక్ష గ్యాసు పంపి చూశాం మేడం, వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ ముప్పై ఎనిమిదినీ ఆమె వేరే కట్టగా కట్టింది.

నేను గది ఖాళీ చేసిన ఉదయం వాళ్లిద్దరూ వీధిలో బస్సు కోసం నిలబడి ఉన్నారు. అతని భుజాన సిలిండర్, ఆమె చేతిలో ఆ కట్ట. ఎక్కడికని అడిగాను. ఊరి పేరు చెప్పింది, నేను ఎప్పుడూ విననిది. అమ్మోనియా ప్లాంటు అంది.

"వాళ్లు రమ్మన్నారా?"

"లేదు. గేటు దగ్గర అడుగుతాం."

"షిఫ్టుకి నూట పది మంది," అన్నాడు అతను, కట్టలోని పై ఉత్తరం తిప్పి చూస్తూ. బస్సు ఇంకా రాలేదు.